నిల్వ వేరు, దాపరికము వేరు

కిరాణా దుకాణపు వెనుక గదిలో ఒక బియ్యపు బస్తా ఉన్నది. అది నేటి అమ్మకమునకు తెరచిన బస్తా కాదు. రేపటికో ఎల్లుండికో పనికివచ్చునని వెనుక ఉంచినది. మామూలు రోజులలో దానిని గురించి ఎవరును అడుగరు. అది వర్తకుని ముందుచూపు అనిపించుకొనును. తుపాను వచ్చి దారులు తెగినప్పుడో, ఊరంతయు మూతపడినప్పుడో ఆ బస్తాకే రెండవ పేరు వచ్చును. బియ్యము లేదని చెప్పి పంపబడిన ఇల్లాలికి అది కంటబడినచో ఆమె దానిని ముందుచూపు అనదు, దాపరికము అనును. బస్తా మారలేదు, గది మారలేదు, లోపలి బియ్యమును మారలేదు. అట్లయిన ముందుచూపునకును దాపరికమునకును భేదము ఎక్కడ ఉన్నది?

ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. చిల్లర వర్తకము మీద బ్రతుకు కుటుంబములలో ప్రతి తరమునకును ఒకటి రెండు పర్యాయములైనను ఈ ప్రశ్న గల్లాపెట్టె ముందుకు వచ్చి నిలుచును. గడ్డుకాలమున దుకాణమును నిలుపుకొనుట ఎట్లు అనునది ఒక ప్రశ్న. గడ్డుకాలమున వర్తకుడు ధర్మమును నిలుపుకొనుట ఎట్లు అనునది వేరొక ప్రశ్న. మొదటిది చిట్టా ఆవర్జాలకు సంబంధించిన విషయమనియు, రెండవది పర్వదినములలో మునుల యెదుట కూర్చున్నప్పుడు ఆలోచింపదగిన విషయమనియు చాలమంది విడదీయుదురు. కాని ఇటీవలి సంవత్సరములలో వచ్చిన కష్టములను కొంచెము నిదానముగా పరిశీలించినచో, ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కచోటనే, అదియు కష్టము రాకముందే, సిద్ధమగుచున్నట్లు కనబడును.

దుకాణమునకు వచ్చు కష్టములు స్థూలముగా మూడు విధములు: సరుకు ఆగుట, రొక్కము ఆగుట, మనుష్యులు ఆగుట.

సరుకు ఆగుటకు బరంపురమే నిదర్శనము. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాష్ట్రములో ఉండెను. అందుచేత ఆ పట్టణమునందు తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను దానికి సమీపమున గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. వాతావరణ శాఖవారు కొన్ని దినముల ముందుగనే హెచ్చరించిరి. లక్షల జనమును సురక్షిత స్థలములకు తరలించిరి. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపానుతో పోల్చినచో ప్రాణనష్టము చాల తక్కువ. అయినను స్తంభములు కూలి, పట్టణము అనేక దినములు కరెంటు లేక చీకటిలో ఉండెను. అట్టి సమయమున జనము వెదకునది అటుకులు, బియ్యము, అగ్గిపెట్టె, కొవ్వొత్తి. శీతల పెట్టెలో ఉంచవలసిన సరుకు అమ్ముడుపోకయే చెడిపోవును. నీరు వచ్చు కష్టములో ఇంకొక నష్టము కలదు. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధులలోనికి వచ్చినది. వరద వచ్చినప్పుడు నేలమీద పేర్చిన బస్తా పోవును, అటకమీది బస్తా మిగులును. ఒక చెక్కబల్ల ఎత్తు ఒక కుటుంబపు మూలధనమును కాపాడగలదు.

రొక్కము ఆగుట 2016లో చూచినదే. నవంబరు 8 రాత్రి అయిదువందలు, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, విలువలో చూడగా దేశములో చెలామణిలో ఉన్న రొక్కములో సుమారు 86 శాతము ఆ నోట్లే. మరునాడు దుకాణములో సరుకు ఉన్నది, కొనువారును ఉన్నారు, ఇద్దరికి నడుమ చెల్లు నాణెము లేదు.

మనుష్యులు ఆగుట 2020లో జరిగినది. మార్చి 25 నుండి 21 దినములని మొదలైన నిర్బంధము పొడిగింపబడి మే నెలాఖరు వరకు సాగినది. కిరాణా దుకాణములకును మందుల దుకాణములకును అనుమతి ఉండెను. బట్టలు, పాత్రలు, నగలు అమ్మువారు తాళము వేసికొనవలసి వచ్చెను. పెండ్లి బేరములకని తెచ్చిన చీరలు మడత విప్పకయే బీరువాలలో ఉండిపోయెను. అప్పుల వాయిదాలు ఆపుకొనుటకు రిజర్వు బ్యాంకు మొదట మూడు నెలలును, తరువాత ఆగస్టు 31 వరకును వీలు కల్పించినది. కాని ఆగినది వాయిదా మాత్రమే, వడ్డీ ఆగలేదు.

ఈ మూడింటిలో ఏది వచ్చినను, దుకాణము పడిపోవుటకు కారణము సాధారణముగా నష్టము కాదు. నష్టమును ఒక సంవత్సరము మోసి, మరు సంవత్సరము పూడ్చుకొన్న దుకాణములు ఎన్నియో కలవు. వాయిదా తేదీ నాటికి చేతిలో రొక్కము లేకపోవుటయే దుకాణమును పడగొట్టును. లెక్క కొరకు ఒకే వీధిలో రెండు దుకాణములు ఉన్నవని భావింపవచ్చును. మొదటి దానిలో సరుకు 4 లక్షలు. అందు 3 లక్షలు సొంత పెట్టుబడి, 1 లక్ష టోకు వర్తకునికి బాకీ. పెట్టెలో విడిగా 50 వేలు ఉన్నవి. నెలకు అమ్మకము 3 లక్షలు. రెండవ దానిలో సరుకు 8 లక్షలు. అందు సొంతము 2 లక్షలు, బాకీ 6 లక్షలు. పెట్టెలో విడిగా ఏమియు లేదు. నెలకు అమ్మకము 6 లక్షలు. వీధిలో పోవువారి కన్నులకు రెండవదియే గొప్ప దుకాణము. సంబంధము కలుపుకొనుటకు వచ్చినవారును ముందు దానినే చూతురు.

ఒక నెల అమ్మకము సగమునకు పడినదనుకొన్న, మొదటి వానికి లక్షన్నర వచ్చును. బాకీ తీర్చిన పిమ్మటను 50 వేలు మిగులును; పెట్టెలోని 50 వేలతో కలిపి లక్ష. అద్దె, జీతము, కొత్త సరుకు ఆ లక్షలో సర్దుకొనవచ్చును. రెండవ వానికి 3 లక్షలు వచ్చును. అందు ఒక్క పైసా తినక, అద్దె ఇయ్యక, అంతయు బాకీకే కట్టినను ఇంకను 3 లక్షలు కొరవ. టోకు వర్తకుడు మంచివాడైనచో గడువు ఇచ్చును. అతనికిని మరొకరికి కట్టవలసినది ఉన్నచో ఇయ్యజాలడు.

ఇప్పుడు రెండవ దుకాణదారుని స్థితి చూడవలెను. అతని ముందు ఉన్న మార్గములు కొన్నియే. ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చుట, దొరకని సరుకునకు ధర పెంచుట, పాతబడినదానిని కొత్తదానిలో కలిపి అమ్ముట, పనివానిని మానిపించుట, అరువు అడిగినవారిని గుమ్మములోనుండియే త్రిప్పి పంపుట. ఇవి అన్నియు చేయుచున్నప్పుడు అతడు దుష్టుడు కాడు. మొదటి వానికంటె అతని స్వభావము చెడ్డదని చెప్పుటకు ఆధారమేమియు లేదు. ఒకవేళ అతడే ఎక్కువ దయ గలవాడు కావచ్చును. కాని దయ చూపుటకు వలసిన స్వాతంత్ర్యము అతని చేతిలో లేదు. దానిని అతడు మంచికాలములో, 6 లక్షల సరుకు బాకీకి దింపించుకొన్ననాడే, టోకు వర్తకుని చేతిలో పెట్టివేసినాడు. చేయిదాటిన అప్పు మంచివానిచేత కూడ తప్పు చేయించును.

గృహస్థుల అయిదు అణువ్రతములలో పరిగ్రహ పరిమాణము ఒకటి. తనకు ఇంత భూమి, ఇంత ధనము, ఇంత ధాన్యము చాలునని ముందుగా హద్దు నిర్ణయించుకొనుట దాని స్వరూపము. ఆ హద్దు దాటుటను దోషముగా చెప్పుచు తత్త్వార్థసూత్రము ధనధాన్యములను పేరు పెట్టి లెక్కించినది. దీనిని సాధారణముగా ఆత్మశుద్ధికొరకు చేయు త్యాగముగనే భావింతురు. అది నిజమే. వర్తకుని విషయములో దానికి ఇంకొక ప్రయోజనము కూడ కనబడుచున్నది. హద్దు గలవానికి గడ్డుకాలమున నిజము చెప్పుటకు వీలుండును. హద్దు లేనివానికి ఆ వీలు ముందు పోవును, నిజము తరువాత పోవును. కష్టకాలపు ధర్మము కష్టకాలమున నేర్చుకొనునది కాదు. అది మంచికాలపు లెక్కల పుస్తకములో అంతకుముందే వ్రాయబడియుండును.

ఇక వెనుక గదిలోని బస్తాకు తిరిగి రావలెను. హద్దులో ఉన్న వర్తకుడును కొంత నిల్వ ఉంచకతప్పదు. నిల్వ లేని దుకాణము తుపాను మరునాడు తెరచినను ప్రయోజనము లేదు. ఆ నిల్వ దాపరికముగా మారినదా లేదా అని తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలును.

మొదటిది, ఆ సరుకు కొన్న దినము ఏది? కష్టము వినబడక ముందు, సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు కొన్నది ఎవరి నోటినుండి తీసినదియు కాదు. వార్త విన్న పిమ్మట పరుగెత్తి బజారులో ఉన్నదంతయు ఊడ్చి తెచ్చినది మరొకరి వంతునుండి తెచ్చినదే. ధర పెరుగుటకును ఆ పరుగే సగము కారణము.

రెండవది, ఆ సరుకు ఎవరికొరకు ఉన్నది? ఏటా తన దుకాణమునకు వచ్చు ఇండ్లకొరకు అయినచో అది నిల్వ. ఇంకను పెరుగబోవు ధరకొరకు అయినచో, వేచియున్నది సరుకు కాదు, దానిని ఉంచినవాని ఆశ.

మూడవది అన్నింటికంటె సులభమైనది. వచ్చినవారు చూచుచుండగా ఆ గది తలుపు తెరువగలడా? ఉన్నదానిని ఉన్నదని చెప్పి, ఇంతే ఇయ్యగలనని చెప్పుటకు నోరు వచ్చినచో అది నిల్వ. లేదని చెప్పవలసి వచ్చినచో, బస్తాతోపాటు నిజమును కూడ ఆ గదిలో దాచినట్లే.

ప్రభుత్వమునకును ఈ భేదము తెలియును. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రింద నిల్వలకు పరిమితి విధించు అధికారము ఉన్నది. 2023 జూన్‌లో గోధుమలకు టోకు వర్తకునికి 3000 టన్నులు, చిల్లర దుకాణమునకు 10 టన్నులు అని పరిమితి పెట్టి, ఉన్న నిల్వను తెలియజేయవలెనని కూడ ఆదేశించిరి. అనగా చట్టము అడుగునది రెండు: ఎంత ఉన్నది, దానిని బయటికి చెప్పినావా? అయితే వీధి చివరి కిరాణా దుకాణములో పది టన్నుల గోధుమలు ఎన్నడును ఉండవు. పది బస్తాలతోనే అతడు ఆ వీధిని ఏడిపింపగలడు, పది బస్తాలతోనే ఆదుకొనగలడు. చట్టపు తక్కెడకు అందనంత చిన్నదగుటచేతనే ఆ దుకాణపు ధర్మము దుకాణదారుని మనస్సునకే వదలబడినది.

ఈ భేదమునకు చరిత్రలో రెండు వైపుల సాక్ష్యములును కలవు. పదమూడవ శతాబ్దమున కచ్ఛదేశమునందలి భద్రేశ్వరములో జగడూశా అను జైన వర్తకుడు ఉండెను. సర్వానందుడు రచించిన జగడూచరితము ఆయన కథను చెప్పుచున్నది. మూడు సంవత్సరములు కరవు రాబోవునని గురువుచే విని, ముందుగనే ధాన్యము కొని కొట్లలో నింపెను. క్రీ.శ. 1256 ప్రాంతమున కరవు వచ్చినప్పుడు రాజులే ఆయనను ధాన్యము అడిగిరి. ఈ ధాన్యము పేదలకొరకు ఉంచబడినదని కొట్లలో ముందే వ్రాయించి పెట్టెనని కావ్యము చెప్పును. నిల్వచేసిన పరిమాణమును మాత్రమే చూచినవాడు జగడూశాను ఆ దేశములోకెల్ల గొప్ప దాపరిగాడనియే అనవలెను. కాని కొన్న కాలము, ఉంచిన ఉద్దేశము, బహిరంగత అను మూడింటిలోను ఆయన నిల్వ నిల్వయే.

రెండవ వైపు సాక్ష్యము 1943 నాటి వంగదేశపు కరవు. దానిపై విచారణ జరిపిన సంఘమువారు 1945లో ఇచ్చిన నివేదికలో, ఆ విపత్తునుండి అపారమైన లాభములు గడింపబడినవనియు, ఆ స్థితిలో కొందరి లాభము ఇతరుల మరణమే అయ్యెననియు గుర్తించిరి. మరణించినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. లాభము పొందిన ప్రతి వర్తకుడును హంతకుడనని అనుకొని ఉండడు. రేపు ఇంకొక రూపాయి వచ్చునని ఒక్కరోజు ఆగిన వారే అందు ఎక్కువమంది అయి ఉందురు. అందరును ఆగిన ఆ ఒక్కరోజే లేనివాని ప్రాణము తీసినది.

బస్తా తెరచిన పిమ్మట ధర ప్రశ్న వచ్చును. ఇది నిజముగా కష్టమైనది. పొట్లములపై అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి అమ్మరాదని చట్టము కలదు. 2020 మార్చిలో 200 మిల్లీలీటర్ల శానిటైజరు 100 రూపాయలకు మించరాదని, మూడు పొరల మాస్కు 10 రూపాయలకు మించరాదని ప్రభుత్వమే నిర్ణయించినది. విడిగా తూచి అమ్ము సరుకునకు ఆ అచ్చు లేదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణము నీట మునిగినప్పుడు పాలు, త్రాగునీరు మామూలు ధరకు అనేక రెట్లు అమ్మినవారిని గురించి పత్రికలలో వార్తలు వచ్చినవి. అది తప్పని అందరును ఒప్పుకొందురు. కాని పాత ధరకే అమ్మవలెనన్న నియమమును కష్టము లేనిది కాదు.

కిలో 40 రూపాయలకు కొని 44కు అమ్ము వర్తకుడు ఉన్నాడనుకొనవచ్చును. టోకు ధర ఒక్కసారిగా 50 అయినది. ఉన్న 100 కిలోలు పాత ధరకే అమ్మినచో 4400 వచ్చును. ఆ డబ్బుతో మరల కొనదగినది 88 కిలోలే. దుకాణము ఒక్క వారములో 12 కిలోలు చిక్కిపోయినది. నాలుగు వారములు అట్లే జరిగినచో ఆ వీధికి దుకాణమే ఉండదు. వర్తకుడు మూతపడుట వీధికిని మేలు కాదు. పైగా పాత ధరకు ఎంతైన ఇచ్చినచో ముందు వచ్చిన నలుగురు బస్తాలెత్తుకొని పోవుదురు. వారిలో ఒకడు పక్కసందులో రెట్టింపు ధరకు అమ్ముకొనును. దుకాణదారుని దయ ఆ నాలుగవ వాని లాభముగా మారును.

కావున ధరకంటె ముందు కొలత నిర్ణయించుకొనవలెను. బరంపురము వంటి ఊరిలో ఒక మంచి దుకాణములో వినబడదగిన సంభాషణ ఇది:

"సావుకారుగారూ, బియ్యం ఉందా?"

"ఉందమ్మా. పాత ధరకే. కాని ఇంటికి అయిదు కిలోలే ఇస్తున్నాను. అందరికీ రావాలి కదా."

"మా ఇంట్లో ఎనిమిది మందిమి బాబూ."

"అయితే ఎల్లుండి మళ్ళీ రామ్మా. బస్తా ఉన్నంతవరకూ మీ వంతు మీకు ఉంటుంది."

పాత బస్తా పాత ధరకు, ఇంటికి ఇంత అను కొలతతో. కొత్త బస్తా కొత్త ధరకు. కాని మునుపు కిలోకు 4 రూపాయలు మిగిలినచో ఇప్పుడును ఆ 4 రూపాయలే, 54కు. శాతము పేరు చెప్పి అయిదు చేయరాదు. కష్టము పెరిగినదని పది చేయరాదు. ఏది పాత బస్తాయో ఏది కొత్త బస్తాయో వచ్చినవారికి చెప్పవలెను. అప్పుడు చిక్కిపోయిన 12 కిలోల సంగతి మిగులును. దానిని మొదటి దుకాణదారుడు పెట్టెలో విడిగా ఉంచిన 50 వేలు పూడ్చును. ఆ డబ్బు ఎందుకు ఊరక ఉంచినావని మంచికాలములో కొడుకులు అడిగియుందురు. సమాధానము ఈ వారమే దొరకును.

ధర తరువాత అరువు. 2016 నవంబరు, డిసెంబరు మాసములలో చిల్లర నోటు దొరకని వీధులలో చాల దుకాణములను నడిపినది పద్దు పుస్తకమే. తెలిసిన ముఖమునకు సరుకు ఇచ్చి, పేరు వ్రాసికొని, డబ్బు దొరికినప్పుడు ఇమ్మనిరి. ఆ రోజులలో పెద్ద అంగడికి లేనిది చిన్న దుకాణమునకు ఉన్నది ఆ ఎరుక ఒక్కటే. ఏ ఇంటివారు నెలాఖరున తీర్చుదురో, ఏ ఇంటివారు పంట వచ్చిన పిమ్మట తీర్చుదురో, ఏ ఇంటి మగవాడు త్రాగుడువలన తీర్పడో, కాని ఆ ఇల్లాలు ఎట్లో తీర్చునో చిన్న దుకాణదారునికి తెలియును. ఇరువది ఏండ్లు తూచి ఇచ్చుచు సంపాదించిన మూలధనము అది. ఏ బ్యాంకు పుస్తకములోను కనబడదు.

2020లో ఈ పరీక్ష ఇంకను కఠినమైనది. షోలాపురములోను భివండీలోను మరమగ్గములమీద బ్రతుకు తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. మగ్గము ఆగిననాడే వారికి కూలి ఆగినది. అట్టి వీధిలోని కిరాణావాడు అరువు ఇయ్యనిచో ఆ ఇండ్లలో పొయ్యి వెలుగదు. అందరికిని కొల్లగా ఇచ్చినచో నెల తిరుగకముందే అతని దుకాణమే ఆగును. ఇక్కడను హద్దు కావలెను. ఇంటికి నెలకు ఇంత, అందు ముందు బియ్యము, పప్పు, నూనె, మిగిలినవి తరువాత. తిరిగి రాని బాకీ కొంత ఉండునని ముందే అంగీకరించి, అది తన శక్తిలో ఉండునట్లు చూచుకొనవలెను. తీర్చలేనివాని పేరు నలుగురిలో ఎత్తరాదు. బాకీ పోయినచో డబ్బు పోవును. పరువు తీసినచో ఆ మనిషి ఆ గుమ్మమునకు మరల రాడు, బాకీయు రాదు.

గుమాస్తాను గురించి కూడ ఒక మాట చెప్పవలెను. దుకాణమునకు తాళము వేసిన దినములలో అతని ఆకలికి తాళము పడదు. పూర్తి జీతము ఇయ్యగలవారు ఇచ్చిరి. ఇయ్యలేనివారు సగమును, ఇంటికి సరుకును ఇచ్చి నిలుపుకొనిరి. తలుపు తిరిగి తెరచినప్పుడు ఏ సరుకు ఎక్కడున్నదో, ఏ ఖాతాదారునికి ఏ నేత ఇష్టమో తెలిసిన మనిషి పక్కన ఉండుట ఎంత బలమో వారికి తెలియును. కాని ఆ బలము కొరకే జీతము ఇచ్చిరనుట సరికాదు. లెక్క చూచుకొనక ముందే ఇచ్చినవారు చాలమంది.

ఇంతవరకు చెప్పినదానికి ఒక గట్టి ఆక్షేపణ కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. కష్టకాలమున దాచినవాడు, ధర పెంచినవాడు పడిపోయినాడా? చాలచోట్ల పడిపోలేదు. ఆ లాభముతో మేడమీద మేడ వేసినవారును ఉన్నారు. వీధి జనము ఆరు నెలలు తిట్టి, ఏడవ నెలలో ఆ దుకాణమునకే పోయిరి. మరియొక వైపు, సరిగా తూచి, అరువిచ్చి, గుమాస్తాను నిలుపుకొని, ఇంటిలో రోగము వచ్చుటచేతనో బాకీలు రాకపోవుటచేతనో తలుపు మూసికొన్న సత్పురుషులును ఉన్నారు. అట్లయిన ధర్మము దుకాణమును కాపాడునని చెప్పుట పిల్లలకు చెప్పు కథ కాదా?

ధర్మము దుకాణమునకు బీమా పత్రము కాదు. అట్లు చెప్పి కొడుకులను వర్తకములోనికి దింపినచో, మొదటి దెబ్బకే వారు ధర్మమును అబద్ధమని తలంతురు. చెప్పదగినది ఇంతకంటె చిన్నది, కాని నిజమైనది. హద్దు, సొంత పెట్టుబడి, విడిగా ఉంచిన రొక్కము, సరియైన పద్దు, ఎరుకగల ఖాతాదారులు, నిలుపుకొన్న గుమాస్తా — ఇవి దుకాణము నిలుచుటకు అవకాశమును పెంచును. హామీ ఇయ్యవు. అయితే ఇవి ఒకటి మాత్రము తప్పక ఇచ్చును. కష్టము వచ్చిననాడు వర్తకుడు తన చేతిని తానే త్రిప్పుకొనగలుగును. దుకాణము నిలిచినను పడినను, దానిని నడిపినవాడు అతడే అగును. దాచి గెలిచినవానికి లాభము మిగిలినది. ఆ లాభమును వాని భయము నడిపినదో, వాని బాకీదారులు నడిపిరో, వాని ఆశ నడిపినదో వాడే చెప్పజాలడు.

అస్తేయ వ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పిన అయిదు అతిచారములలో దొంగసొమ్ము కొనుట, తూనిక కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట, నకిలీ సరుకు అమ్ముట ఉన్నవి. వాటి నడుమ విరుద్ధరాజ్యాతిక్రమము అని ఒకటి కలదు. రాజ్యము కల్లోలములో ఉన్నప్పుడు న్యాయమైన మార్గము విడిచి, విలువగల సరుకును చవుకగా చేజిక్కించుకొనుటకు చేయు ప్రయత్నముగా పూజ్యపాదస్వామి దీనిని వివరించెను. కల్లోలమును అవకాశముగా వాడుకొనుటను ఆ పెద్దలు దొంగతనపు జాబితాలో చేర్చిరి. ఇది గమనింపదగిన విషయము. దొంగిలింపబడునది ఒకరి పెట్టెలోని డబ్బు కానక్కరలేదు. గతిలేనివాని గతిలేమియే అక్కడ దొంగసొత్తు.

దీపావళి నాడు, మహావీరస్వామి నిర్వాణదినమున, కొత్త పద్దు పుస్తకములు తెరచి పూజించు ఆచారము వర్తక కుటుంబములలో కలదు. మొదటి పుటమీద శుభచిహ్నము వ్రాయుదురు. లాభమును కోరుదురు. దాని క్రింద మూడు అంకెలు కూడ వ్రాసికొన్నచో ఆ పూజకు లోపమేమియు రాదు. ఈ దుకాణములోని సరుకులో సొంతము ఎంత, బాకీ ఎంత అనునది మొదటిది. బాకీ ఏ అంకెను దాటరాదు అనునది రెండవది. ఏమి జరిగినను ముట్టకుండ విడిగా ఉంచవలసిన రొక్కము ఎంత అనునది మూడవది. ఈ మూడును తండ్రి తన చేతితో వ్రాసి, కొడుకుచేత పైకి చదివింపవలెను. వెనుక గదిలోని బస్తాకు ఏ పేరు రావలెనో ఆ పుటలోనే తేలును. తుపాను వచ్చిననాడు కొత్తగా తేల్చుకొనుటకు అంత తీరిక ఉండదు.